ముద్ర కింద అడుగు

“బట్టీ అంటించలేదు కదయ్యా?”

కోట ద్వారం పక్కనున్న ఇరుకు గదిలో, చేతులు వెనక్కి విరిచి కట్టిన పెంకుల మేస్త్రీ వెర్కో ఈ మాట అడగడం ఇది మూడోసారి. మధ్యాహ్నానికి తల పోబోయే మనిషి పెళ్ళాం ఎలా ఉందని అడగలేదు, శిక్ష తప్పే దారేమైనా ఉందా అని అడగలేదు, కనీసం గుక్కెడు నీళ్ళయినా అడగలేదు. బట్టీ సంగతే అడుగుతున్నాడు.

సూరియో ముక్కాలిపీట దగ్గరికి లాక్కుని కూలబడ్డాడు. దనూబీ నది మీది చలిగాలికి ఆయన కుడి మోకాలు పొద్దుటి నుంచీ సలుపుతోంది. దండనాయకుడు మౌరుసియో కచేరీలో నేరాల ఆరా తీయడం ఆయన ఉద్యోగం. జుట్టంతా ఆ కొలువులోనే నెరిసింది. సైన్యం పద్దులో ఉన్న పనివాడి తల తీయాలంటే ఇద్దరు ఆరా అధికారుల మాట కలవాలి. అదీ ఇక్కడి పద్ధతి. మొదటివాడు లియొంటియస్ ఆరా మొదలుపెట్టిన రోజే ‘వీడే’ అని తేల్చేశాడు. ఇక మిగిలింది సూరియో మాట. దండనాయకుడి పడవ మధ్యాహ్నానికి రేవుకొస్తుంది. అప్పటికి ఆ మాట కూడా తయారుగా ఉండాలి.

“నిన్నూ అంటించలేదు, నీ బట్టీనీ అంటించలేదు. ఇక నేనడిగేదానికి జవాబు చెప్పు. నాలుగు రోజుల కిందట భోజనాలయ్యాక బండి కట్టావు. అవునా?”

“కట్టానయ్యా.”

“ఎక్కడికి?”

“రేవుకి. అవతలి గట్టు మీద కొత్త బురుజు లేస్తోంది కదా, దాని కప్పుకి పెంకులు. రేవులో పడవకెక్కించి, సిపాయిలతో నేనూ అవతలికెళ్ళి దింపొచ్చాను. ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టేశారు.”

“పెంకుల మీద గడ్డి కప్పావట. ఆ గడ్డి కింద అగిలో ఉన్నాడని లియొంటియస్ అంటున్నాడు.”

వెర్కో మొదటిసారి తలెత్తాడు. ఆ స్థితిలోనూ మూతి ఓ పక్కకి వంగింది. “అగిలో ఆ పెంకుల మీద పడుకుంటే బురుజుకి ముక్కలు చేరేవయ్యా. ఆయన శాల్తీ మీరు చూశారా?”

చూశాడు. నది అవతల ఉండే క్వాడీ తెగ దొరకి అగిలో స్వయానా అన్న. రెండు గట్ల మధ్యా ఒప్పందం నిలబడ్డన్నాళ్ళూ హామీగా ఈ గట్టున ఉండాలని ఎనిమిదేళ్ళ కిందట తెచ్చి, కోట పక్క ఇంట్లో కాపలా పెట్టి ఉంచారు. అరవై దాటిన భారీ మనిషి, ఎడమకాలు కుంటి. ఆయన పారిపోతే ఒప్పందం తెగిపోయినట్టే. ఆయనకేమైనా అయితే తమ్ముడు కత్తి పట్టుకుని నది దాటతాడు. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం భోంచేసి, మంచమెక్కి, ఆ తర్వాత ఎవరి కంటా పడలేదు.

“ఆయన్ని ఆఖరిసారి ఎప్పుడు చూశావు?”

“చలి పెట్టిన రోజల్లా చూస్తానయ్యా. బట్టీ కాలుతుంటే వెనక గోడకి కాలు ఆనించుకుని కూచుంటాడు. ఆ వెచ్చదనానికి నొప్పి లాగేస్తుందంటాడు.” వెర్కో గొంతు తగ్గించాడు. “అంటించలేదు కదా?”

నాలుగోసారి. పనిమీది మమకారం అంటే ఇంత ఉంటుందా అనుకుంటూ సూరియో లేచాడు.

పెంకుల కొట్టం కోటకి దిగువన, బంకమట్టి గోతుల పక్కన ఉంది. వాకిట్లో లియొంటియస్ పెట్టిన కాపలావాడు ఒకడు పళ్ళు కుట్టుకుంటూ నిలబడ్డాడు. సూరియో వెంట వచ్చిన ముసలి సిపాయి బిట్టో అతని పక్కన చేరి నడుముకున్న బార్లీ కల్లు తిత్తి విప్పాడు. అలా విప్పమని ఎవరూ చెప్పనక్కర్లేదు బిట్టోకి.

లోపల వెర్కో భార్య అవిత మోచేతుల దాకా మట్టితో ఎదురొచ్చింది. పొట్టి మనిషి. భుజాలు మాత్రం బరువులెత్తి బలిసినవి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచాయి గాని మాట మాత్రం వాడిగానే ఉంది.

“మీరైనా కళ్ళున్న మనిషిలా ఉన్నారు. ఆ గులాబీ నూనె పూసుకునే అబ్బాయి చూడనైనా చూళ్ళేదు. ఇటు రండయ్యా, ఇదిగో.”

బల్ల మీద తడిగుడ్డ తీసి చూపించింది. కింద పచ్చి పెంకు. మూరకి కాస్త తక్కువ పొడవు, జానెడున్నర వెడల్పు. నడిమధ్యన ఒక చెప్పు అడుగు దిగబడి ఉంది. మడమ దగ్గర దండనాయకుడి ముద్ర: పొడవాటి పెట్టె, అందులో మౌరుసియో పేరు.

చెప్పు అడుగులో మేకుల గుర్తుల్లేవు. కోటలో అందరి చెప్పులకీ అడుగున ఇనప మేకులుంటాయి. ఇది ఒకే తోలుముక్క చుట్టూ మడిచి కుట్టిన చెప్పు, మధ్యలో కుట్టు గీత ఉబ్బెత్తుగా తాడులా కనిపిస్తోంది. ఈ గట్టు మీద అలాంటి చెప్పు వేసుకునేది ఒక్కడే.

“అగిలో చెప్పు,” అన్నాడు సూరియో.

“మరేంటి. ఈ వరస పెంకులు మా ఆయన బండి తోలుకెళ్ళాక, సాయంత్రం నా చేత్తో తీసి కళ్ళంలో పరిచినవి. పొద్దు గుంకే వేళ వాటి మీద నుంచి నడిచాడంటే, బండిలో ఎలా ఉంటాడు? మీరే చెప్పండి. నదివైపు తనంతట తాను నడుచుకుపోయాడు. మా ఆయన అప్పటికి అవతలి గట్టున ఉన్నాడు, సిపాయిలంతా సాక్షులే.”

మాట గట్టిగానే ఉంది. ఇది నిజమైతే వెర్కో ఇప్పుడే ఇంటికి పోవచ్చు. నిజం కావాలనే సూరియోకీ ఉంది. కానీ ఆయనకొక జబ్బుంది. తెలియని పని కనిపిస్తే అది ఎలా చేస్తారో అడక్కుండా ఉండలేడు. వంటింట్లోకెళితే అల్లుడి ఇంట్లోనైనా సరే మూత తీసి చూస్తాడు.

“ఇది ఏ చోట ఉందో చూపించు. అలాగే పెంకు ఎలా తీస్తారో కూడా ఒకసారి చూపించమ్మా. నా జన్మలో పెంకుల కింద పడుకోవడమే గాని పెంకు పుట్టడం చూళ్ళేదు.”

కళ్ళంలో తడి చాపలు కప్పిన పెంకుల వరసలు నదివైపు బారుగా పరుచుకుని ఉన్నాయి. గాలికి పైపొర త్వరగా ఆరితే నెర్రెలిస్తాయట, అందుకని చాపలు తడుపుతూ మెల్లగా ఆరనివ్వాలి. చివరి వరసలో ఒక ఖాళీ చూపించింది అవిత. సూరియో మోకాలు పట్టుకుని వంగాడు. ఖాళీకి ముందు పెంకు, వెనక పెంకు, పక్క పెంకులు, అన్నీ నున్నగా ఉన్నాయి. నది దాకా ఇంకా ఎన్నో పెంకులుండగా, కుంటికాలివాడు ఒక్క అడుగు మాత్రం వేసి ఆ తర్వాత ఎగిరిపోయాడా?

“మసక చీకట్లో చూసుకోక ఒకదాని మీద వేసి, తర్వాత సందుల్లో నడిచుంటాడు,” అంది అవిత, అడక్కుండానే.

“ఉండొచ్చు,” అన్నాడు సూరియో.

కొట్టంలోకి వస్తూ బట్టీ చుట్టూ కూడా ఒక చుట్టు తిరిగాడు. నిలువెత్తు ఇటుక బట్టీ, నిండా పచ్చి పెంకులు పేర్చి, పైన పాత పెంకుల ముక్కలు కప్పి, అంటించడానికి సిద్ధంగా ఉంది. కింద మంటనోరు నల్లగా తెరుచుకుని ఉంది. అందులోకి లియొంటియస్ మనుషులు ఈటెలు దూర్చి మరీ వెతికారట. వెనక గోడ దగ్గర ఒక ఇటుక అరుగు మీద మట్టి గిన్నె ఉంది. అడుగున కొర్రగంజి చారలు, చెక్క గరిటె.

“అది బట్టీ తల్లికి,” అంది అవిత వెనక నుంచి, కాస్త తొందరగా. “పేర్చినప్పటి నుంచి అంటించేదాకా రోజూ గంజి పెడతాం. మా అత్తగారి కాలం నుంచీ ఉంది.”

“తల్లి బాగానే తింటోందే.”

“కుక్కలయ్యా. ఏం చేస్తాం.”

బల్ల దగ్గరికొచ్చాక ఆమె చేతులు మాటకంటే వేగంగా కదిలాయి. “ఇదిగో, బల్ల మీద ఇసుక చల్లాలి, లేకపోతే మట్టి పట్టుకుంటుంది. ఇది అచ్చు. ముద్ద ఇలా విసిరి, మూలల్లోకి పిడికిలితో గుద్దాలి. ఈ తడి కర్రతో పైన గీసెయ్యాలి. అచ్చు ఎత్తాలి. ముద్ర కొట్టాలి. పలక మీదకి తీసుకుని కళ్ళంలో పరిచి రావాలి. అంతే.”

“ముద్ర ఇక్కడే బల్ల మీదేనా? పరిచాక కాదా?”

“పరిచాక వంగి వంగి ఎవరు కొడతారయ్యా, నడుం పోదూ? ముద్ర పడితేనే పెంకు బల్ల దిగుతుంది. ముద్ర లేని పెంకు సైన్యం తీసుకోదు, మా కూలీ దండగ.”

ఆమె తీసిన కొత్త పెంకు తళతళలాడుతోంది. సూరియో అడుగు ఉన్న పెంకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. చెప్పు మధ్యనున్న కుట్టు గీతని గోటితో తడుముకుంటూ కిందికొచ్చాడు. వేళ్ళ దగ్గర నుంచి అరికాలు దాకా గీత నిక్కచ్చిగా ఉంది. మడమ దగ్గర ముద్ర పెట్టె అంచు తగిలేసరికి అది తెగిపోయింది. ముద్ర లోపల గీత లేదు. అణిగి చదునైపోయింది. అక్షరాలు మాత్రం ఇప్పుడే చెక్కినంత పదునుగా ఉన్నాయి.

ఆయన కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. అడగకుండానే బల్ల మీద మట్టి ముద్ద అందుకుని రెండు అప్పాల్లా ఒత్తాడు. ఒకదాని మీద మొదట ముద్రకర్ర కొట్టి, దాని మీద బొటనవేలు గట్టిగా నొక్కాడు. అక్షరాలు నలిగి పిండిముద్దలా అయిపోయాయి. రెండోదాని మీద ముందు బొటనవేలు నొక్కి, తర్వాత ముద్ర కొట్టాడు. అక్షరాలు పదునుగా వచ్చాయి, వేలిముద్ర గీతలు ముద్ర అంచు దగ్గర తెగిపోయాయి.

రెండో అప్పాన్ని తీసుకెళ్ళి అడుగు పక్కన పెట్టాడు. అక్కాచెల్లెళ్ళలా ఉన్నాయి.

అంటే అడుగు ముందు. ముద్ర తర్వాత. ముద్ర బల్ల మీదే పడుతుంది కాబట్టి అడుగు కూడా బల్ల మీదే పడింది. ఏ కుంటివాడూ బల్లెక్కి నడవడు. ఎవరో చెప్పు చేత్తో పట్టుకుని మట్టిలో నొక్కారు.

తలెత్తాడు. అవిత ఆయన ముఖం చూడ్డం లేదు. ఆ రెండు అప్పాల వైపే చూస్తోంది. 

“అమ్మా,” అన్నాడు సూరియో మెల్లగా, “ఆ చెప్పు నీకెక్కడిది?”

ఆమె నోరు తెరిచేలోపే వాకిట్లో చెప్పుల మేకులు టకటకమన్నాయి. గులాబీ నూనె వాసన ముందొచ్చింది, దాని వెనక లియొంటియస్ వచ్చాడు. సూరియో కచేరీలో చేరేనాటికి పుట్టనైనా పుట్టనివాడు. ఇవాళ ఆయనకంటే ఒక మెట్టు పైన కూర్చున్నాడు.

“పెద్దాయనా, మట్టితో ఆటలా? కాలక్షేపం బాగుంది. మీ మాట తయారైందా?”

“తయారవుతోంది నాయనా. నీలాగా నాకు వచ్చేటప్పుడే తయారుగా రాదు.” సూరియో ఆ రెండు అప్పాలనూ అరచేతుల్లో కలిపి ముద్ద చేసేశాడు. తానెందుకలా చేశాడో ఆయనకే తెలియలేదు.

లియొంటియస్ పెంకు వైపు చూశాడు. “ఓహో. ఇదేనా ఆవిడ చెప్పే అడుగు?”

సూరియో పెంకు ఎత్తి చూపించాడు. బొటనవేలు సరిగ్గా ముద్ర అంచు మీద, కుట్టు గీత తెగినచోట ఆనింది. “ఇదే. అగిలో చెప్పే. మేకుల్లేవు చూడు.”

“చెప్పు అగిలోదే కావచ్చు. మొగుణ్ణి కాపాడుకోవడానికి ఆడది ఇలాంటివి వంద చేస్తుంది.”

“చేస్తుంది. మరి చెప్పు ఎక్కడ సంపాదించింది? అగిలో ఇంట్లో ఒక్క జత కూడా మిగల్లేదని నువ్వే కదా చెప్పావు. కాళ్ళకున్నవే వేసుకుపోయాడన్నావు.”

లియొంటియస్ మెడ కొద్దిగా ఎర్రబడింది. ఆ సందు తన మాటలోనే ఉందని అతనికి అప్పుడే తట్టింది. “ఇవన్నీ దండనాయకుడి ముందు చెప్పుకోండి. నాకు వేరే పనుంది. అవతలి బురుజు సగం బోసిగా కనిపిస్తోంది, ఆయన పడవ దిగగానే దాన్నే చూస్తాడు. కనీసం బట్టీ పొగైనా కనిపించాలి. పేర్చి ఉంది కదా, ఎవడంటిస్తే అంటుకోదు? నా వాళ్ళు ఇద్దరు కట్టెలు తెస్తున్నారు.”

అవిత చేతిలోని అచ్చు కిందపడి రెండుగా విడిపోయింది.

లియొంటియస్ పట్టించుకోలేదు. సూరియో పట్టించుకున్నాడు. పొద్దుటి నుంచీ విడివిడిగా ఉన్నవన్నీ ఒక్కసారి ఆయన కళ్ళముందు వరసగా వచ్చి నిలబడ్డాయి. బట్టీ అంటించలేదు కదా అని నాలుగుసార్లు అడిగిన మొగుడు. నొప్పి కాలు బట్టీ గోడకి ఆనించుకునే ముసలాయన. రోజూ ఖాళీ అయ్యే గంజి గిన్నె. ఆ గిన్నెలో గరిటె.

గరిటె. బట్టీ తల్లికి గరిటెందుకు? కుక్కలకి గరిటెందుకు?

బయట కట్టెలు దబదబా పడిన చప్పుడైంది. ఎవరో చెకుముకి రాయి కొడుతున్నారు.

“ఆపమను,” అన్నాడు సూరియో.

“ఏమిటి?”

“నీ వాళ్ళని ఆపమను నాయనా. ఈ పెంకు ఏ వరసలోదో ఆ వరసలో సగం పెంకులు అప్పుడే బట్టీలోకి ఎక్కించారు. మిగిలిన అడుగులు వాటి మీద ఉన్నాయో లేదో నేనింకా చూడలేదు. అవునామ్మా?”

అవిత వంగి అచ్చు ముక్కలు ఏరుకుంది. “అవునయ్యా. కొన్ని నేనే ఎక్కించాను.”

“విన్నావు కదా. ఇప్పుడు నువ్వు అంటించావనుకో, పచ్చి పెంకు పగిలినా, మసి పట్టినా, సాక్ష్యం పోయినట్టే. మొదటి అధికారి తన మాట నెగ్గించుకోవడానికి సాక్ష్యం కాల్చేశాడని నేను చెప్పాలా, వద్దా? నేను చెప్పకపోయినా ఆ కట్టెలు మోసినవాళ్ళు చెబుతారు.”

సూరియో ముఖంలో అబద్ధం తాలూకు ఛాయ కూడా లేదు. ఆయనకే ఆశ్చర్యం వేసింది, ఇంత సులువా అని.

లియొంటియస్ బయట కట్టెలు మోసినవాళ్ళ వైపు చూశాడు. తర్వాత వాకిట్లోకి నడిచి, “ఆపండిరా,” అన్నాడు. వెనక్కి తిరిగాడు. ముఖాన చిరునవ్వు మళ్ళీ మొలిచింది.

“సరే పెద్దాయనా. దండనాయకుడి ఎదురుగానే బట్టీ విప్పిద్దాం, ఒక్కొక్క పెంకూ ఆయనే చూస్తాడు. అందులో అడుగు లేదనుకోండి, మేస్త్రీతో పాటు ఈవిడా వెళుతుంది. మీరు కచేరీ తాళాలు నాకిచ్చి ఇంటికెళ్ళి మోకాలికి ఆముదం రాసుకుందురుగాని.” మనుషుల వైపు చెయ్యి ఊపాడు. “పదండి, రేవులో బారు తీరాలి. అందరూ రావాలి. నువ్వు వాకిట్లోనే ఉండు.”

ఆ ఆఖరి మాట అందుకోవాల్సిన కాపలావాడు అప్పటికే బిట్టో తిత్తిలో సగం ఖాళీ చేసి, తన అత్తగారి మీద ఏదో కథ మొదలుపెట్టాడు.

మేకుల చప్పుడు దూరమయ్యేదాకా సూరియో కదల్లేదు. తర్వాత లేచి, కుంటుకుంటూ బట్టీ వెనక్కి వెళ్ళి, గిన్నెలో గరిటె తీసి గోడ మీద రెండుసార్లు కొట్టాడు.

గోడ లోపల నుంచి బొంగురు గొంతు వచ్చింది. “అవితా, ఇవాళ గంజిలో ఉప్పు మరిచావే.”

“నేను అవితను కానన్నా,” అన్నాడు సూరియో.

లోపల ఎవరో చటుక్కున ముడుచుకున్న చప్పుడైంది.

అవిత పరుగున వచ్చింది. “మావా, భయం లేదు. ఈయనకి తెలిసిపోయింది. ఇప్పుడే నిన్ను కాలిపోకుండా ఆపింది కూడా ఈయనే.” ఆమె వెనక గోడలో పై వరస పెంకు ముక్కలు నాలుగు లాగేసింది. లోపల, పేర్చిన పెంకుల వెనక, మనిషి ముడుచుకుంటే పట్టేంత గూడు ఉంది. అందులోంచి తెల్లగడ్డం, దాని పైన దుమ్ము కొట్టుకుపోయిన పెద్ద ముఖం బయటికొచ్చాయి. ఒక కాలికి చెప్పు లేదు.

“నువ్వు మౌరుసియో మనిషివి,” అన్నాడు అగిలో.

“అవును. ఎవరికి భయపడి ఇందులో దూరావన్నా?”

అగిలో అవిత వైపు చూశాడు. అవిత తలూపింది. అప్పుడు చెప్పాడు.

“ఆ మధ్యాహ్నం నేను మంచమ్మీద పడుకున్నాను. నిద్ర పట్టలేదు. కిటికీ కింద ఆ నూనె వాసన అబ్బాయి కాపలావాడితో మాట్లాడుతున్నాడు. ఇవాళ రాత్రే కావాలి, ఉరేసుకున్నట్టు కనబడాలి, తెల్లారేసరికి వీడి తమ్ముడికి కబురందాలి అన్నాడు. కాపలావాడు జంకాడు పాపం, తర్వాత నా పీకకి చుట్టుకుంటే ఎలా అన్నాడు. చుట్టుకోదురా, ఇది దండనాయకుడి నోటి మాట అన్నాడు వాడు. ఇదిగో ఆయన ఉంగరం అన్నాడు, కాపలావాడు దాన్ని ముద్దు పెట్టుకోవడం వినిపించింది. నేను పెరటి గోడ దూకాను. ఈ వయసులో, ఈ కాలితో. ఎక్కడికి పోను? వెచ్చగా ఉండే చోటు నాకు ఇదొక్కటే తెలుసు.”

“దండనాయకుడికి నువ్వు చస్తే ఏం లాభం?”

“మా గట్టు మీద బురుజు కట్టొద్దని నా తమ్ముడు చక్రవర్తికి మొర పెట్టుకున్నాడు. ఆయన ఆలకిస్తున్నాడు కూడా. నేను చస్తే తమ్ముడు కత్తి పడతాడు. కత్తి పట్టినవాడి మొర ఎవరు వింటారు?”

సూరియో అరుగు మీద కూర్చుండిపోయాడు. ఇన్నేళ్ళుగా తను విన్నదీ, కన్నదీ తీసుకెళ్ళి ఎవరి బల్ల మీద పెడుతున్నాడో, ఆ మనిషే ఇంకాసేపట్లో పడవ దిగబోతున్నాడు. నిజం చెబితే అగిలో పోతాడు. ఊరుకుంటే వెర్కో పోతాడు. బట్టీ విప్పితే ఇద్దరూ, అవితా కూడా. ఆ తర్వాత నది దాటి వచ్చేవాళ్ళ కత్తులకి ఈ గట్టున ఎంతమంది బలవుతారో లెక్క లేదు.

“ఆ పెంకు,” అన్నాడు చివరికి, అవితతో. “అంత బాగా చేసి, ముద్ర ఎందుకు తర్వాత కొట్టావు తల్లీ?”

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. “కళ్ళంలో కాపలావాడు తిరుగుతున్నాడని కొట్టంలో కూర్చుని చేశానయ్యా. చెప్పు నొక్కాను. అక్కడితో ఆపాల్సింది. చెయ్యి ఆగలేదు. చిన్నప్పటి నుంచీ పెంకు తీస్తే చివర ముద్ర కొట్టాల్సిందే. కొడితేగాని పని అయినట్టనిపించదు ఈ చేతులకి. కొట్టాననే గుర్తు లేదు, మీరు ఆ అప్పాలు ఒత్తేదాకా.”

సూరియోకి నవ్వొచ్చింది. అంతలోనే ఆయన చూపు కళ్ళం వైపు, తడి చాపల వైపు మళ్ళింది.

“ఆ చివరి వరస ఇంకా మెత్తగానే ఉందా?”

“నాలుగు రోజులుగా చాపలు తడుపుతూనే ఉన్నానయ్యా. మనిషి బరువుకి ఇప్పటికీ దిగుతాయి. నా చేతి ఒత్తుడికైతే దిగవు.”

“వాటి మీద ముద్రలు పడ్డాయా?”

“పడకుండా ఎలా ఉంటాయి?”

“అయితే చాపలు తియ్యి. అన్నా, అవిత దగ్గరున్న ఆ రెండో చెప్పు కూడా వేసుకో. మట్టి గోతుల దిగువన రెల్లుపొదల్లో వెర్కో మట్టి మోసే పడవ కట్టి ఉందా తల్లీ?”

“ఉందయ్యా.” ఆమెకి అర్థమవుతోంది. కళ్ళు పెద్దవయ్యాయి.

“దండనాయకుడు దిగేటప్పుడు కోటలో కళ్ళన్నీ రేవు మీదే ఉంటాయి. అప్పుడు పొదల చాటున ఆ పడవలో నది దాటెయ్యాలి. అదృష్టముంటే అగిలో అన్న సాయంత్రానికి తమ్ముడి ఇంట్లో భోజనం చేస్తాడు. బతికున్న అన్నని పక్కన కూచోబెట్టుకుని ఎవడూ యుద్ధానికి రాడు. ఇక్కడ నేను దండనాయకుడిని తీసుకొచ్చి, ఇదిగో, కుంటివాడు తన కాళ్ళ మీదే నడిచిపోయాడు, మేస్త్రీ బండికి సంబంధం లేదు అని చూపిస్తాను. బట్టీ విప్పుకోమంటాను. నువ్వు ఆ గూట్లో నాలుగు వరసల పెంకులు పేర్చి ఉంచు.” ఒళ్ళోని పెంకు తీసి నేలకేసి కొట్టి, ముక్కల్ని కాలితో మట్టిలో కలిపేశాడు. “దీన్ని తొక్కింది నేనే. మోకాలు జారింది.”

“ఆ అబ్బాయి దీన్ని చూశాడు కదయ్యా.”

“చూశాడు. నా బొటనవేలు కూడా చూశాడు. దాని కింద ఏముందో అడగలేదు.”

అవిత చాపలు చుట్టేసింది. తడి పెంకులు నదివైపు బారుగా, ఒక్కొక్కదాని మీదా మౌరుసియో పేరుతో, మెరుస్తూ బయటపడ్డాయి. అగిలో బట్టీలోంచి దిగి, నాలుగు రోజులుగా గంజి పోసిన ఆమె తల మీద ఒక్కసారి చెయ్యి వేసి, మొదటి పెంకు ముందు నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడు నది మీద కొమ్ము మోగింది. పడవ అనుకున్నదానికంటే ముందే వంపు తిరిగింది. వాకిట్లో బిట్టో, కాపలావాణ్ణి ఆపడానికి కాబోలు, లేని నవ్వు తెచ్చుకుని పెద్దగా నవ్వుతున్నాడు.

అగిలో ఉలిక్కిపడి ముందుకి దూకబోయాడు. సూరియో ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

“పరుగెత్తకన్నా. అడుగు చెదిరిపోతుంది. మెల్లగా, నీ నడకలోనే నడువు. ఆ పేరు మీద వెయ్యి కాలు. అక్షరాలు బాగా నలగాలి.”